పెట్టె గట్టిదే, మరి లెక్క?

అణు పదార్థం అనగానే తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది కల్పాక్కం. అది చెన్నై అవతల, సముద్రం ఒడ్డున, మనకు దూరంగా ఉన్న వ్యవహారమనే చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ జాతి పదార్థాలు చిన్న చిన్న మోతాదుల్లో మన మధ్యే తిరుగుతుంటాయి. థైరాయిడ్ జబ్బుకు ఇచ్చే అయోడిన్-131, ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం-99ఎం, క్యాన్సర్ గడ్డ దగ్గరికి సన్నటి తీగ చివర పంపే ఇరిడియం-192, పైపుల వెల్డింగ్‌లో పగుళ్ళు వెతికే ఇంకో ఇరిడియం ముక్క, ఇవన్నీ ఏదో ఒక డబ్బాలో వస్తాయి, డబ్బాలోనే నిలవ ఉంటాయి, పని అయ్యాక డబ్బాలోనే వెనక్కి పోవాలి. తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. 2022లో అదే ఊళ్ళో టాటా ట్రస్టుల సహకారంతో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ పక్క ఊరి ఆసుపత్రి కిందే లెక్క.

అందుకే ఆ డబ్బా ఎలా తయారవుతుంది, ఎందుకంత బరువు, ఎన్నేళ్ళు నమ్మవచ్చు అన్నది ఇక్కడి జనానికి సంబంధం లేని శాస్త్రం కాదు. ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. జనావాసాల మధ్య ప్రాణాలు తీసిన రెండు పేరుమోసిన ఘటనలు బ్రెజిల్‌లో 1987లో, ఢిల్లీలో 2010లో జరిగాయి. రెండింటిలోనూ కవచం తనంతట తాను విఫలం కాలేదు. ఆ పెట్టె ఎవరిదో, లోపల ఏముందో పట్టించుకునే మనిషి లేకుండా పోయాడు. దాన్ని తెలియనివాళ్ళు విప్పారు.

సంచి, డ్రమ్ము, నంబరు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూసినవాళ్ళకు ఈ డిజైన్ వెంటనే అర్థమవుతుంది. తోతాపురి గుజ్జును నేరుగా ఇనుప డ్రమ్ములో పోయరు. ముందు క్రిములు లేని సంచిలో నింపి సీలు వేస్తారు. ఆ సంచిని డ్రమ్ములో పెట్టి, మూత బిగించి, బయట బ్యాచ్ నంబరు వేస్తారు. గుజ్జు బయటికి కారకుండా చూసేది సంచి. దెబ్బ తగలకుండా కాసేది డ్రమ్ము. ఏ డ్రమ్ములో ఏ రోజు గుజ్జు ఉందో చెప్పేది నంబరు. ఈ మూడింటిలో ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదు.

అణు పదార్థానికీ ఇలాగే మూడు అంచెలుంటాయి. లోపలి పదార్థం పొడిగానో ద్రవంగానో బయటపడకుండా పట్టి ఉంచడం మొదటిది. దాని నుంచి వచ్చే కిరణాలకు అడ్డం నిలబడటం రెండోది. అది ఎక్కడుందో, ఎవరి చేతిలో ఉందో రాసి ఉంచడం మూడోది. మొదటి రెండింటికీ తేడా తెలియక జనం చాలా గందరగోళపడతారు. దీపం వెలుగును ఆపడానికి గోడ అడ్డం పెడితే చాలు. దీపం మసి గదంతా పట్టకుండా ఉండాలంటే మాత్రం గోడ సరిపోదు, మూత కావాలి. కిరణాలు వెలుగు లాంటివి, గోడ అవతలికి వెళ్ళిపోతే మనిషికి అంటుకుని ఉండవు. పొడి మసి లాంటిది, చేతికి, బట్టకు, అన్నానికి అంటుతుంది, మనిషితో పాటు ఇంటికి వస్తుంది. సీసం గోడ ఎంత మందంగా ఉన్నా మూత వదులైతే మసి ఆగదు.

కాబట్టి డిజైన్ చేసేవాళ్ళు అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న పెట్టె గురించి కాదు. పదార్థం ఏ రూపంలో ఉంది అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న. కోబాల్ట్-60 లోహం. నీళ్ళలో పడితే ఉప్పులా కరిగిపోదు. దాన్ని చిన్న గుళికలుగా చేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టంలో పెట్టి వెల్డింగ్ చేసి, ఆ గొట్టాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మళ్ళీ వెల్డింగ్ చేస్తారు. సీజియం-137ను మాత్రం చాలాకాలం సీజియం క్లోరైడ్‌గా వాడారు. అది అచ్చంగా ఉప్పు జాతి. పొడిగా ఉంటుంది, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, తేమకు చేతికి అంటుకుంటుంది. బ్రెజిల్‌లోని గొయానియా ఊళ్ళో జరిగిన ఘోరానికి సగం కారణం ఈ రూపమే. ఖాళీ చేసిన ఒక చికిత్సాలయంలో వదిలేసిన పాత రేడియోథెరపీ యంత్రాన్ని ఇద్దరు మనుషులు విప్పి పాత ఇనుము కొనేవాడికి అమ్మారు. లోపల ఉన్నది సుమారు 93 గ్రాముల సీజియం క్లోరైడ్. చీకట్లో నీలంగా మెరుస్తుంటే ముచ్చటపడి బంధువులకు పంచారు, ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఆరేళ్ళ పాప ఉంది. 249 మందికి పొడి అంటుకుంది. లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది. ఊరు శుభ్రం చేయగా పోగైన చెత్త దాదాపు 3,500 ఘనపు మీటర్లు. గుప్పెడు ఉప్పుకు అంత చెత్త! అదే పదార్థం గాజులోనో పింగాణీలోనో కలిసిపోయి ఉంటే, యంత్రం పగలగొట్టినా ఊరంతా పాకే అవకాశం చాలా తగ్గేది.

మరుసటి ఏడు, 1988లో, అమెరికా జార్జియా రాష్ట్రంలో వైద్య పరికరాలను కిరణాలతో శుద్ధి చేసే ఒక కేంద్రంలో ఇలాంటి సీజియం గొట్టమే నీటి తొట్టిలో కారింది. ఆ గొట్టాలను పదే పదే నీళ్ళలోంచి పైకి తీసి మళ్ళీ ముంచేవారు. వేడెక్కడం, చల్లారడం, మళ్ళీ వేడెక్కడం. వెల్డింగ్ అతుకు ఎంత మంచిదైనా ఆ సాగుడు ముడుచుడుకు ఏదో ఒకనాడు అలిసిపోతుంది. నిలవ పెట్టడానికని తయారైన డబ్బాను రోజూ వాడకంలో పెడితే డిజైన్‌లో లేని బరువు దాని మీద పడుతుందని ఈ ఘటన చూపించింది.

సీసం బరువు, సీసం బలహీనత

ఇప్పుడు గోడ సంగతి. కోబాల్ట్-60 గామా కిరణాలకు సుమారు 12 మిల్లీమీటర్ల సీసం అడ్డం పెడితే తీవ్రత సగమవుతుంది. ఇంకో 12 పెడితే సగంలో సగం. 4 సెంటీమీటర్లకు పదో వంతు, 12 సెంటీమీటర్లకు వెయ్యో వంతు. ఈ లెక్క ఎప్పటికీ సున్నాకు చేరదు, ఎంత తగ్గితే చాలు అన్నది మనం తేల్చుకోవాలి. క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్ ముక్క బొటనవేలంత ఉంటుంది, కానీ దాని బలం వేల క్యూరీల్లో (క్యూరీ రేడియోధార్మికతకు కొలమానం) ఉంటుంది. దానికి దాదాపు 25 సెంటీమీటర్ల సీసం కావాలనుకుందాం. లోపల 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఖాళీ ఉంచి చుట్టూ అంత మందాన గోళం పోస్తే బరువు టన్ను దాటుతుంది. దాని మీద ఇంకో 12 మిల్లీమీటర్లు కలపాలంటే అదనంగా 140 కిలోలు. బయటికి పోయేకొద్దీ గోళం ఉపరితలం పెరుగుతుంది గనక ప్రతి పొరా ముందటి పొరకన్నా బరువే. అందుకే అత్యంత సాంద్రమైన లోహాన్ని సోర్స్‌కు, అంటే కిరణాలు వచ్చే ఆ ముక్కకు, వీలైనంత దగ్గరగా పెడతారు.

ఈ కారణంగానే కొన్ని డబ్బాల్లో సీసానికి బదులు టంగ్‌స్టన్, ఇంకొన్నిటిలో యురేనియం-235ను చాలావరకు వేరు చేయగా మిగిలిన బలహీన యురేనియం వాడతారు. సీసం సాంద్రత 11.3, ఈ రెండింటిదీ 19 దగ్గర. పైన చెప్పిన గోళాన్నే యురేనియంతో చేస్తే 14 సెంటీమీటర్ల మందం సరిపోతుంది, బరువు 400 కిలోల దగ్గర ఆగుతుంది. అణు పదార్థాన్ని కాయడానికి అణు పదార్థాన్నే గోడగా కట్టడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ యురేనియం సొంత రేడియేషన్ చాలా తక్కువ. అది గోడగా చేసే ఉపకారం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

సీసానికి ఉన్న పెద్ద లోపం నిప్పు. చిత్తూరు వైపు, తమిళనాడు వైపు ఇళ్ళల్లో రసం కాచే ఈయం చెంబు ఉంటుంది. లోపల చారు ఉన్నంతసేపు దానికి ఏమీ కాదు. మరిచిపోయి ఖాళీ చెంబును పొయ్యి మీద పెడితే చూస్తుండగానే కరిగి కారిపోతుంది. తగరం 232 డిగ్రీలకు కరిగితే సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. డీజిల్ ట్యాంకర్ తగలబడితే మంట వేడి దానికి రెట్టింపు దాటుతుంది. అందుకని రవాణా పెట్టెల్లో సీసాన్ని ఎప్పుడూ ఉక్కు తొడుగుల మధ్య బంధిస్తారు. దాని బయట వేడిని ఆపే పొర ఉంటుంది, చాలా పెట్టెలకు రెండు చివర్లా దెబ్బను మింగే దిండ్లు ఉంటాయి. వాటిలో కలప నింపడం మామూలే. ఇంత పెద్ద విషయంలో కర్ర ముక్కలా అని ఆశ్చర్యపడనక్కర్లేదు. కలప నలిగి దెబ్బను తనలోకి తీసుకుంటుంది, కాలినా పైన బొగ్గు పొర కట్టి వేడిని లోపలికి మెల్లగా వదులుతుంది. యురేనియం గోడ ఉన్న పెట్టెలకు ఇంకో చిక్కు ఉంది. యురేనియం, ఇనుము తాకుతూ ఉంటే దాదాపు 725 డిగ్రీలకే రెండూ కలిసి కరగడం మొదలవుతుంది. విడివిడిగా వెయ్యి డిగ్రీలు దాటినా తట్టుకునే లోహాలవి. అందుకే వాటి మధ్య రాగి పొర పెడతారు.

సీసం పోత పోయడం కూడా చిన్న పని కాదు. గడ్డకట్టేటప్పుడు సీసం మూడు నాలుగు శాతం ముడుచుకుంటుంది. తొందరపడి పోస్తే లోపల బుడగలు, సందులు మిగులుతాయి. పైనుంచి చూస్తే నున్నగా ఉంటుంది, కిరణాలు మాత్రం ఆ సందులోంచి సూదిలా బయటికి వస్తాయి. అందుకే పోత అయ్యాక లోపల ఒక సోర్స్ పెట్టి, బయట కొలిచే పరికరంతో ప్రతి అంగుళం తడుముతారు. డబ్బా జీవితంలో మొదటి పరీక్ష అదే.

మొగిలి ఘాట్‌లో లారీ పడితే?

చెన్నై నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్ళే పాత హైవే మీద మొగిలి ఘాట్ ఉంది. అక్కడి ప్రమాదాల గురించి ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అలాంటి చోట రేడియోధార్మిక సరుకున్న బండి లోయలో పడితే ఏమిటి గతి? ఈ ప్రశ్నకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961 నుంచీ నియమావళి రూపంలో జవాబు చెబుతూ వస్తోంది. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, ఆ పద్ధతినే అమలు చేస్తుంది.

ఆ పద్ధతి మూలసూత్రం చాలా సమంజసమైనది. డబ్బా బలం లోపలి సరుకును బట్టి ఉండాలి. పగిలి మొత్తం బయటపడినా పెద్ద హాని చేయలేనంత తక్కువ మోతాదైతే టైప్ ఏ పెట్టె చాలు. గొట్టంలో సీలు వేసిన కోబాల్ట్-60 సోర్స్‌కు ఆ హద్దు 0.4 టెరాబెక్వెరెల్, అంటే సుమారు 11 క్యూరీలు. టైప్ ఏ పెట్టె మామూలు రోడ్డు కష్టాలు తట్టుకోవాలి. గంటసేపు గట్టి వానలో తడవాలి, 1.2 మీటర్ల ఎత్తునుంచి పడాలి, తన బరువుకు ఐదింతలు నెత్తిన పెట్టుకుని ఒక రోజు నిలబడాలి, 6 కిలోల ఇనుప కడ్డీ మీటరు ఎత్తునుంచి పడితే ఓర్చుకోవాలి. ఆసుపత్రులకు వచ్చే మందులు ఎక్కువగా ఈ రకం పెట్టెల్లోనే వస్తాయి. స్కాన్‌కు టెక్నీషియం తీసుకునే మాలిబ్డినం-99 డబ్బా, దాన్ని జనరేటర్ అంటారు, అలాంటిదే. మాలిబ్డినం 66 గంటలకు సగమవుతూ టెక్నీషియంగా మారుతుంటుంది, పొద్దున్నే ఆ టెక్నీషియంను ఉప్పునీళ్ళతో కడిగి తీసుకుంటారు. ఆవు పాలు పితికినట్టు ఉంటుందని ఆ రంగంలో దాన్ని ఆవు అనే పిలుస్తారు.

ఆ హద్దు దాటితే టైప్ బీ. ఇక్కడ పరీక్షలు ప్రమాదాన్ని ఊహించి పెట్టినవి. 9 మీటర్ల ఎత్తునుంచి ఏ మాత్రం లొంగని గట్టు మీద పడేస్తారు. 15 సెంటీమీటర్ల మందమున్న ఉక్కు స్తంభం మొన మీదకు మీటరు ఎత్తునుంచి పడేస్తారు. దెబ్బలు తిన్న ఆ పెట్టెనే 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉంచుతారు. వేరే నమూనాను 15 మీటర్ల నీటి లోతు ఒత్తిడిలో 8 గంటలు ఉంచుతారు. మోతాదు మరీ ఎక్కువైన వాటికి 200 మీటర్ల లోతు పరీక్ష కూడా ఉంది.

9 మీటర్ల నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 48 కిలోమీటర్లే. హైవే మీద లారీలు అంతకన్నా వేగంగా పోతాయి కదా అన్న అనుమానం న్యాయమైనదే. కిటుకంతా ఆ లొంగని గట్టులో ఉంది. నిజమైన రోడ్డు మీద మట్టి నలుగుతుంది, లారీ క్యాబిన్ నలుగుతుంది, రెయిలింగ్ వంగుతుంది. దెబ్బలో చాలా భాగం అవే తీసుకుంటాయి. పరీక్ష గట్టు దేన్నీ తీసుకోదు, మొత్తం పెట్టే భరించాలి. బ్రిటన్‌లో ఈ అనుమానం తీర్చడానికి 1984లో జనం, విలేకరులు చూస్తుండగా ఒక రైలును గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పట్టాల మీద పడేసిన అణు ఇంధనం పెట్టెకు గుద్దించారు. ఇంజిన్ నుజ్జయింది. పెట్టె నిలిచింది.

ఒక చిన్న విషయం మాత్రం మన ఎండల దృష్ట్యా గమనించాలి. టైప్ బీ పెట్టెల వేడి లెక్కల్లో బయటి గాలిని 38 డిగ్రీలుగా తీసుకుని, దానికి ఎండ వేడిని విడిగా కలుపుతారు. తిరుపతిలో మే నెలలో 40 దాటడం మామూలు. రెండు మూడు డిగ్రీల తేడాకు సీసం ఏమీ కాదు. నెమ్మదిగా దెబ్బతినేవి రబ్బరు సీళ్ళు. లోపలి పదార్థమే వేడి పుట్టించేదైతే ఆ తేడా ఇంకాస్త పెరుగుతుంది. బండిని నీడలో ఆపడం, గాలి ఆడేలా కట్టడం డ్రైవరు సౌకర్యం కోసమే అనుకోకూడదు.

పెట్టె మీద కనిపించే లేబుళ్ళు చదవడం కష్టమేమీ కాదు. తెల్ల లేబుల్ మీద ఒక ఎర్ర గీత ఉంటే ఉపరితలం దగ్గర కూడా రేడియేషన్ చాలా తక్కువ. సగం పసుపు ఉండి రెండు గీతలుంటే మధ్యరకం, మూడు గీతలుంటే ఎక్కువ. పసుపు లేబుల్ మీద రవాణా సూచిక అని ఒక అంకె రాస్తారు. అది 1 అయితే మీటరు దూరంలో గంటకు 0.01 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత) అని అర్థం. సామాన్య జనానికి ఏడాది హద్దు 1 మిల్లీసీవర్ట్. అంటే ఆ పెట్టెకు మీటరు దూరంలో వంద గంటలు నిలబడితే గానీ ఆ హద్దు చేరదు. రోడ్డు మీద అలాంటి బండి పక్కనుంచి పోయినందుకు టెన్షన్ పడాల్సిన పని లేదు.

కొత్తది బాగుంటుంది, పాతబడితే?

పరీక్షలన్నీ కొత్త పెట్టెకు జరుగుతాయి. పదిహేనేళ్ళు వాడిన పెట్టె అలాగే ఉందని ఎవరు చెప్పాలి? చర్చ ఎప్పుడూ డిజైన్ మీదే నడుస్తుంది, మెయింటెనెన్స్ మీద నడవదు. ప్రమాదం మాత్రం మెయింటెనెన్స్ లోపించిన చోటే దారి వెతుక్కుంటుంది.

రబ్బరు సీళ్ళు వేడికి, రేడియేషన్‌కు గట్టిపడి పగుళ్ళిస్తాయి, గడువు ప్రకారం మార్చాలి. బోల్టులు కొలిచిన బిగువుతోనే బిగించాలి, చేతి అందాజు పనికిరాదు. సీలు సోర్స్‌లను నిర్ణీత కాలానికి ఒకసారి దూది లాంటి దానితో తుడిచి, ఆ దూదిని కొలుస్తారు. దానికి 200 బెక్వెరెల్‌కు మించి అంటితే ఆ సోర్స్ కారుతున్నట్టే లెక్క. ఇంత సులువైన పరీక్ష ఇంత పెద్ద సంగతి ముందే చెబుతుంది కాబట్టి, దాన్ని తోసిపుచ్చడానికి ఏ సాకూ చెల్లదు.

స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదన్న నమ్మకం మనకు బలంగా ఉంది. సముద్రపు ఉప్పు గాలిలో ఆ నమ్మకం నిలవదు. వెల్డింగ్ దగ్గర లోహంలో దాగిన ఒత్తిడి, దాని మీద పేరుకున్న ఉప్పు, గాలిలో తేమ, ఈ మూడూ కలిస్తే పైకి మెరుస్తున్న ఉక్కులోనే వెంట్రుకంత పగుళ్ళు లోపలికి పాకుతాయి. కల్పాక్కం, తారాపూర్, కూడంకుళం మూడూ సముద్రం ఒడ్డునే ఉన్నాయి. తీరంలో ఏళ్ళ తరబడి ఉంచే ఏ ఉక్కు డబ్బాకైనా ఈ మూడింటిలో కనీసం ఒకదాన్ని తప్పించాలి. వెల్డింగ్ ఒత్తిడి తీసేయాలి, లేదా ఉప్పు చేరకుండా చూడాలి, ఏదీ కుదరకపోతే ఉప్పులోని క్లోరైడును ఎక్కువ తట్టుకునే ఉక్కైనా ఎంచుకోవాలి.

నీళ్ళనే గోడగా వాడే చోట్ల నీటి శుభ్రతే మెయింటెనెన్స్. అమెరికాకు ఎగుమతయ్యే మన మామిడికి పురుగు పోవడానికి కోబాల్ట్ కిరణాలు పట్టిస్తారు, కనీసం 400 గ్రే (పండు పీల్చుకునే కిరణాల కొలత). అలాంటి కేంద్రాల్లో కోబాల్ట్ కడ్డీలను పని లేనప్పుడు లోతైన నీటి తొట్టిలోకి దించి ఉంచడం ఎక్కువగా కనిపించే ఏర్పాటు. తొట్టి నీళ్ళు తాగే నీళ్ళకన్నా శుద్ధంగా ఉండాలి, లేకపోతే లవణాలు స్టీలు గొట్టాలను తింటాయి. అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనాన్ని మొదటి కొన్నేళ్ళు ఇలాగే నీళ్ళలో ఉంచుతారు. అక్కడ నీళ్ళు కిరణాలను ఆపడమే కాకుండా వేడిని కూడా లాగుతాయి.

డబ్బా లోపల ఏం వేస్తున్నామో చూసుకోకపోతే ఏమవుతుందో 2014 ఫిబ్రవరి 14న అమెరికా న్యూమెక్సికోలో తెలిసింది. భూమి లోపల ఉప్పు గనిలో అణు వ్యర్థాల డ్రమ్ములు నిలవ చేసే చోట ఒక డ్రమ్ము లోపలి వేడికి తెరుచుకుంది. అందులో నైట్రేట్ లవణాల తడి పీల్చడానికి మట్టితో చేసిన పొడి వేయాల్సింది, గోధుమతో చేసిన పొడి వేశారు. పెంపుడు పిల్లుల కింద పరిచే పొడిలో రెండు రకాలూ దొరుకుతాయి. ధాన్యం, నైట్రేట్ కలిస్తే మందుగుండు దినుసులు కలిసినట్టే. డ్రమ్ము ఉక్కులో లోపం లేదు, గని గోడల్లో లోపం లేదు. సరుకు చీటీలో ఒక మాట తేడా వచ్చింది. ఆ కేంద్రం దాదాపు మూడేళ్ళు మూతపడింది. పులుసు పోయడానికి ముందు ఇత్తడి గిన్నెకు కళాయి ఉందో లేదో చూసే మన పెద్దవాళ్ళ అలవాటు సరిగ్గా ఈ జాగ్రత్తే.

ప్లుటోనియం, యురేనియం-235 పాళ్ళు పెంచిన యురేనియం లాంటి వాటికి ఇంకో నియమం కలుస్తుంది. అవి ఒకచోట ఎక్కువగా పోగైతే గొలుసు చర్య, అంటే ఒక అణువు చీలి ఇంకొన్నిటిని చీల్చుకుంటూ పోవడం, మొదలవుతుంది. అందుకే వాటి పాత్రలు సన్నగా, పొడుగ్గా చేస్తారు, ఒకదానికొకటి దూరంగా ఉండేలా చట్రాల్లో బిగిస్తారు. ఉమ్మడి చిత్తూరుకు పొరుగున కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వి తీసే సహజ యురేనియంకు ఈ బెడద లేదు. అక్కడ తయారయ్యే పసుపు పొడికి మామూలు ఉక్కు డ్రమ్ము చాలు. ఆ పొడి కిరణాలకన్నా ఒంట్లోకి పోతే మూత్రపిండాలకు చేసే హాని ఎక్కువ, కాబట్టి అక్కడ గోడకన్నా మూత ముఖ్యం.

ఎన్నటికీ తెరవని పెట్టె

మిగిలింది అన్నిటికన్నా దీర్ఘమైన నిలవ. వాడేసిన ఇంధనం నుంచి పనికొచ్చేది తీసుకున్నాక మిగిలే ఘాటు వ్యర్థాన్ని మన దేశంలో గాజుతో కలిపి కరిగించి స్టెయిన్‌లెస్ స్టీల్ డబ్బాల్లో పోస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలో ఈ ఏర్పాటు ఉంది. గొయానియా ఉప్పుకు సరిగ్గా విరుగుడు ఇదే. పదార్థం గాజులో భాగమైపోతుంది, డబ్బా పగిలినా పొడిలా ఎగరదు. ఆ డబ్బాలు చల్లారడానికి దశాబ్దాలు గాలి ఆడే గదుల్లో ఉంచాలి. ఆ తర్వాత లోతైన రాయిలోకి దించాలి.

ఆ రాయి ఎక్కడ అన్న ప్రశ్న ఒకసారి చిత్తూరు సరిహద్దు దాకా వచ్చింది. 1980ల్లో కోలార్ బంగారు గనుల లోతులో, వేడి పుట్టించే వ్యర్థానికి చుట్టూ ఉన్న రాయి ఎలా స్పందిస్తుందో చూడటానికి హీటర్లతో ప్రయోగాలు చేశారు. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. 2012లో ఆ గనుల్లో అణు వ్యర్థాలు పెడతారన్న వార్తకు కేజీఎఫ్‌లో జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం అలాంటి ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది. కోలార్ నుంచి కుప్పం వైపు సాగే రాతి పొరల్లోనే చిగురుగుంట, బిసానత్తం గనులు ఉన్నాయి. ఇక్కడివాళ్ళు ఆ వార్తను ఆందోళనతో చదవడం సహజం. అయితే పాత గని, వ్యర్థాల నిలవకు తవ్వే సొరంగం ఒకటి కావు. బంగారం కోసం శతాబ్దానికి పైగా ఎడాపెడా తవ్వి, పేల్చి, నీళ్ళు చేరిన గని రాయి ఎక్కడ చీలిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఫిన్లాండ్ వాళ్ళు ఓంకాలోలో సుమారు 430 మీటర్ల లోతున పగుళ్ళు తక్కువగా ఉన్న చోటును వెతికి, కొత్తగా తవ్వి, 5 సెంటీమీటర్ల రాగి తొడుగున్న డబ్బాలను బెంటొనైట్ మట్టి మధ్య పెట్టడానికి సిద్ధం చేశారు. తడి తగిలితే ఆ మట్టి ఉబ్బి సందులు మూసేస్తుంది. నమ్మకం కుదరాలంటే ఏ రాయి, ఏ డబ్బా, ఎవరి పర్యవేక్షణ అన్న వివరాలు ముందే జనం ముందు పెట్టాలి.

గుజిరీ అంగడి దాకా

ఇక మొదట చెప్పుకున్న మూడో అంచె, నంబరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ప్రయోగాలకు తెచ్చిన కోబాల్ట్ యంత్రం ఒకటి 1985 తర్వాత వాడకం లేకుండా మూలపడింది. 2010 ఫిబ్రవరిలో దాన్ని పాత సామాను కింద వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము అంగళ్ళలో సీసం కవచం విప్పి, లోపలి కడ్డీలు కోశారు. ఒక ముక్క ఒకతని పర్సులోకి చేరింది. ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే దాని బలం సగమయ్యే కాలం, 5.27 ఏళ్ళు. దాదాపు నలభై ఏళ్ళ కిందట కొన్న ఆ యంత్రంలో అప్పటికి మిగిలిన బలం మొదటిదానిలో సుమారు 200వ వంతు. ఆ వంతు కూడా ప్రాణం తీయడానికి సరిపోయింది. విప్పేదాకా ఆ సీసం తన పని తాను చేస్తూనే ఉంది.

ఇప్పుడు సోర్స్ కొనేటప్పుడే, పని అయ్యాక తిరిగి సరఫరాదారుకు పంపుతామని ఒప్పుకోవాలి. ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ప్రతి సోర్స్‌కూ లెక్క ఉంటుంది, దాన్ని వాడే సంస్థలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. నియమం బలమైనదే. ఆఫీసర్ రిటైరై కొత్తవాళ్ళు రాని నెలల్లో, ఫ్యాక్టరీ మూతపడి బ్యాంకు తాళం వేసిన ఏడాదిలో, ఆసుపత్రి చేతులు మారిన రోజున అది ఎలా నడుస్తుందన్నదే అసలు పరీక్ష. ఆస్తులు జప్తు చేసే వాళ్ళ చేతిలోని సామాను జాబితాలో రేడియేషన్ పరికరాలకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటే ఎంతో మేలు.

రేణిగుంట రోడ్డులోనో చిత్తూరు శివార్లలోనో గుజిరీ అంగడి నడిపేవాళ్ళకు తెలియాల్సింది కొద్దిగానే ఉంది. సైజుకు మించి బరువున్న ఉక్కు ఉండ, దాని మీద పసుపు నేపథ్యంలో మూడు రెక్కల గుర్తు, లేదా ఎర్ర త్రికోణంలో పుర్రె, పరిగెత్తే మనిషి బొమ్మ కనిపిస్తే కోయకూడదు, సుత్తి వేయకూడదు, దూరంగా జరిగి, ఇతరులనూ జరిపి, పోలీసులకు చెప్పాలి. ఆ రెండో గుర్తును 2007లో తెచ్చిందే చదువు రానివాళ్ళకు కూడా అర్థం కావాలని. ఎక్స్‌రే యంత్రం, సీటీ స్కాన్, క్యాన్సర్ ఆసుపత్రుల్లోని లీనియర్ యాక్సిలరేటర్ ఈ కోవలోకి రావు. కరెంటు తీసేస్తే వాటిలో కిరణాలు పుట్టవు, సోర్స్ అంటూ ఏదీ లోపల ఉండదు.

వెల్డింగ్ పరీక్షల ఇరిడియం కెమెరా, అంటే ఆ ఇరిడియం ముక్కను పెట్టే కవచం డబ్బా, సంగతి వేరు. ఇరిడియం 74 రోజులకు సగమవుతుంది, రెండేళ్ళలో దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. అప్పుడు సోర్స్ తీసేసి ఖాళీ కెమెరా అని పక్కన పెడతారు. చాలా కెమెరాల్లో కవచం యురేనియందే, దాని అర్ధాయువు దాదాపు 450 కోట్ల ఏళ్ళు. సోర్స్ లేకపోయినా ఆ డబ్బా రిజిస్టర్‌లో ఉండాల్సిందే, పాత ఇనుము కాటాలోకి ఎక్కకూడదు.